నడుమునొప్పితో సిరిసిల్ల ప్రయాణము



యాత్రావిశేషము లనగానే కాశియో, రామేశ్వరమో, హిమవంతమో మీ తలంపునకు వచ్చును. నేను పోయినంత దూరము చెప్పిన మీరు నవ్వుదురు. జగిత్యాలనుండి కోరుట్లకు, కోరుట్లనుండి వేములవాడ మీదుగా సిరిసిల్లకు. అంతయు గలిపినను నూఱు కిలోమీటర్లకు లోపే. ఇందులో వ్రాయుటకేమున్నదందురా? నాతో గూడ నొక నడుమునొప్పి ప్రయాణము చేసినది. త్రోవలో నేను దిగిన ప్రతియింటను దానికొక చుట్టము దొరకినది. నేను వ్రాయబూనినది ఆ చుట్టరికమును గుఱించియే.

మా జగిత్యాల 2016 అక్టోబరులో జిల్లాకేంద్రమైనది. అంతకుముందు కరీంనగరము జిల్లాలోని పట్టణము. ఊరికి ముఖ్యమైన వింత కోట. పదునెనిమిదవ శతాబ్దమున ఫ్రెంచివారి పనితనముతో నక్షత్రాకారముగా కట్టబడినది. చుట్టును కందకము గలదు. మావారు బడిపిల్లలను వెంటబెట్టుకొని దానిని చూపబోయినపుడెల్ల నేనును వెంబడించి మెట్లెక్కి దిగుచుండెడిదానను. రెండేండ్ల క్రిందట నొకనాడు ఆ మెట్ల నడుమనే నా నడుము పట్టివేసినది. పైకి పోలేను, క్రిందికి రాలేను. పిల్లలు నవ్వు నాపుకొనుచు నన్ను చెఱియొక చేయి పట్టుకొని దింపిరి.

కారణము వెదుకబోయిన దూరము పోనక్కఱలేదు. ప్రొద్దుట కత్తిపీట, పగలు చేట, మాపటివేళ పిల్లల పలకలు. అన్నియు నేలపై కూర్చుండి ముందునకు వంగి చేయు పనులే. మా తండ్రిగారు గుంటమగ్గముపై నేత నేయుచు నాకు భాగవతము చెప్పిరి. నేను గుంట గట్టున కూర్చుండి వంగి చదివితిని. చదువుతోపాటు వంగుటయు నాటినుండియే అలవడినది.

ఇరుగుపొరుగువారు చెప్పిన చికిత్సలు వ్రాసిన నొక గ్రంథమగును. ఒకామె బజారులో దొరకు నడుముపట్టీ కట్టుకొమ్మనెను. ఇంకొకామె మనుమని చేత వీపు త్రొక్కించుకొమ్మనెను. మఱియొకామె ఎదురుకాళ్లతో పుట్టినవానిచేత మూడుమార్లు తన్నించుకొమ్మని చెప్పి, అట్టి బాలుని తానే పిలుచుకొని వచ్చెను. ఆ పిల్లవాడు సిగ్గుపడి పాదముతో తాకీ తాకనట్లు తాకి పరుగెత్తిపోయెను. వానికి బెల్లపుముక్క దక్కినది. నా నొప్పి నాకే మిగిలినది.

తుదకు మావారు నన్ను వైద్యశాలకు గొనిపోయిరి. అచ్చట వ్యాయామచికిత్స చేయు నొక యువతి నాకు పావుగంటసేపు ఓపికతో బోధించెను. నడుములో ఐదు వెన్నుపూసలు గలవనియు, వానికి ఇరుప్రక్కల త్రాళ్లవలె కండరములు సాగియుండుననియు, వంగి కూర్చున్నంతసేపును ఆ త్రాళ్లు దేహమును ముందునకు పడనీయక లాగి పట్టుచుండుననియు చెప్పెను. పసిబిడ్డను గంటలతరబడి చంకనెత్తిన చేయి ఎట్లు కొయ్యబాఱునో అట్లే అవియు గట్టిపడును. స్వీడను దేశపు వైద్యుడు నాకెమ్సన్ 1960 ప్రాంతములందు సజీవులైన మనుష్యుల వెన్నుపూసల మధ్యనుండు మెత్తల లోపలి యొత్తిడిని సూదితో కొలిచి చూచెనట. నిలువబడినప్పటికంటె ముందునకు వంగి కూర్చున్నప్పుడు ఆ యొత్తిడి హెచ్చని కనుగొనెను. కూర్చుండుటయే విశ్రాంతి యనుకొను మన మాటకు ఇది విరుద్ధము గదా!

ఆమె నాకు రెండు టెన్నిసు బంతుల నిచ్చి గోడయొద్ద ఎట్లు వాడవలెనో చూపెను. పిదప, "అమ్మా, ఇవి నేర్చుకొన్నంత బాగుగా వీటిని కూడ నేర్చుకొనుడు" అని కొన్ని లక్షణములు చెప్పి వ్రాసికొమ్మనెను. ఆ లక్షణములున్నచో ఎవరును రుద్దరాదు, నూనె పెట్టరాదు, ఆనాడే వైద్యునియొద్దకు పోవలెను. నా సంచిలో పాలలెక్కల పుస్తకము మాత్రమే యుండెను. దాని వెనుకపుటలో వ్రాసికొంటిని. ఆ పుట సంగతి మరల వచ్చును.

గత దసరా సెలవులలో, అలిగిన బతుకమ్మనాడు, నేనును మావారును బయలుదేఱితిమి. ఆ ఆఱవదినమున మా ప్రాంతమున బతుకమ్మను పేర్చరు, అమ్మవారలిగినదని చెప్పుదురు. నా నడుమును ఆనాడు కొంత అలిగియే యుండెను. బస్సులో వెనుక సీటు దొరకినది. మడచిన శాలువను నడుము వంపులో దూర్చుకొని కూర్చుంటిని. ప్రయాణములందు ఇది చాల సుఖము. కాకతీయ కాలువనీటితో పండిన వరిచేలు, మొక్కజొన్న, మధ్యమధ్య పసుపుతోటలు చూచుచుండగానే కోరుట్ల వచ్చెను.

మా చిన్నమ్మయిల్లు అచ్చటనే. ఆ వీధిలోనికి పోగానే తంబాకు వాసన ముందుగా పలుకరించును. ప్రతి గడపయొద్దను చేట ఒడిలో బెట్టుకొని స్త్రీలు బీడీలు చేయుచుందురు. ఈ ప్రాంతమున పొలము లేని యింటికి బీడీయే పొలము. తునికాకును ముందునాడు తడిపి మెత్తపఱతురు. ఱేకుముక్కను కొలతగా బెట్టి కత్తెరతో కోయుదురు. చిటికెడు తంబాకు వేసి చుట్టి, కొన మడచి, దారము కట్టుదురు. చూచువారికి అది విలాసముగా వ్రేళ్లాడించినట్లుండును. వెయ్యి బీడీలకింత యని కూలి. వెయ్యి చేయవలెనన్న ప్రొద్దు పొడిచినది మొదలు దీపాలవేళ దాటువఱకు కూర్చుండవలసినదే. తల చేటమీదికి, మెడ ముందునకు, నడుము విల్లువలె.

ఈ పనివారికై 1966లో కేంద్రప్రభుత్వము చట్టము చేసినది. తెలంగాణరాష్ట్ర మేర్పడిన పిదప బీడీ చేయు స్త్రీలకు నెలనెల పింఛను నిచ్చుచున్నారు. అవి మేలే. అయినను నడుము నొచ్చిన దినమున కూలి లెక్కలో వెయ్యి తక్కువయైనచో ఏ చట్టమును వచ్చి దారము కట్టదు.

మా చిన్నమ్మ అత్తగారికి డెబ్బదియేండ్లు దాటినవి. పదునైదవ యేట చేట పట్టినదట. ఆమె చులుకనగా లేచి తిరుగుట చూచి నాకాశ్చర్యమైనది. "అవ్వా, ఇన్నేండ్లు కూసొని చేసినవు, నీకు నడుము నొయ్యదా?" అని యడిగితిని.

"ఎందుకు నొయ్యది బిడ్డా! నడుమంటె తునికాకు లెక్క. పదునుంటె వంగుతది, ఎండితె ఫట్టున ఇరుగుతది. ఆకుకు నీళ్లు సల్లుతం, నడుముకు నడక పెడ్తం, గంతె" అని యామె నవ్వెను.

ఆమె చేసిన ఏర్పాటు నాకు పిమ్మటగాని తెలియలేదు. అందఱును నీళ్లచెంబును ప్రక్కనే పెట్టుకొని కూర్చుందురు, లేవనక్కఱలేకుండునట్లు. ఆమె మాత్రము కుండను వాకిటి యావలిమూల వేపచెట్టు క్రింద పెట్టించినది. దప్పియైన ప్రతిసారియు లేవవలెను, నడువవలెను, వంగి ముంచుకొనవలెను, నిలువబడి త్రాగవలెను. కోడండ్రు మొదట విసిగికొనిరట. "గన్నిసార్లు లేస్తె బీడీలు తక్కువైతయి గదా అవ్వా?" అంటిని.

"లేవకుంటె వెయ్యైతయి, లేస్తె తొమ్మిదినూర్లైతయి. గని రేపు లేవనే రాకపోతె సున్నయితది. ఏది మేలు?"

ఆ రాత్రి బస్సు కుదుపులకు నా నడుము బిగిసికొనిపోయెను. చిన్నమ్మ తాను రుద్దెదనని వచ్చినది గాని, పగలంతయు చేటయొద్ద కూర్చున్న మనిషిచేత సేవ చేయించుకొనుటకు మనసొప్పలేదు. "నా చేతులు నాకున్నవి, చూడు" అని యామెకే చూపితిని. వాకిట నలుగురైదుగురు స్త్రీలు చేరిరి. వారికి చూపినది మీకును చెప్పెదను. మీ యిండ్లలో ఏదియు కొనవలసిన పని లేదు, బంతి తప్ప.

ముందు బంతి, పిదప నూనె. నూనెమీద బంతి జారును. గోడకు వీపు చేసి, పాదములు గోడకు మూరెడు దూరమున నుంచి నిలువవలెను. బంతిని వీపునకును గోడకును నడుమ, వెన్నెముకకు ఒకప్రక్కగా, రెండంగుళముల యెడమున నుంచవలెను. ఎముకమీద ఎన్నడును పెట్టరాదు. మోకాళ్లు కొంచెము వంచుచు, సాచుచునున్న బంతి తనంతట తానే పైకి క్రిందికి దొరలును. మెలిక తగిలినచోట "అబ్బా" యనిపించును. అచ్చట దొరలించుట మాని, ఊపిరి మెల్లగా విడుచుచు ఇరువది లెక్కించువఱకు ఆనుకొని యుండవలెను. తీపునొప్పి మంచిదే, పండ్లు కఱచుకొని యోర్చుకొనవలసినంత నొప్పి మంచిది కాదు. తరువాత రెండవప్రక్క. ఆపై పిరుదు కండలయొద్ద. నడుమునొప్పి యని మనమనుకొనునది కొంత అచ్చటనే దాగియుండును. ఈ మాట చెప్పగానే వాకిటిలో నవ్వులు పుట్టినవి గాని, ఒక్కొక్కతెయే గోడయొద్దకు వచ్చి పరీక్షించుకొన్నది. బంతిని నేలపై బెట్టి దానిమీద పరుండుటయు గలదు. అప్పుడు దేహభారమంతయు పడును గనుక క్రొత్తవారికి గోడయే మేలు.

పిదప నువ్వులనూనె రెండు చెంచాలు గిన్నెలో పోసి, ఆ గిన్నెను వేడినీళ్లలో నిలిపి గోరువెచ్చన చేయవలెను. మణికట్టుమీద చుక్క వేసి చూచుట మఱువరాదు. మా జగిత్యాలదాపున పొలాసలోని వ్యవసాయ పరిశోధనాక్షేత్రమున నువ్వుల వంగడములను గూడ పెంపొందించిరి. నూనెకై మేము పరదేశములకు పోనక్కఱలేదు. మంచముపట్టెమీద నిటారుగా కూర్చుండి, బొటనవ్రేళ్లు వెనుకకును తక్కిన వ్రేళ్లు ప్రక్కలకును వచ్చునట్లు నడుమును పట్టుకొని, త్రాళ్లవంటి ఆ కండరములపై చిన్న చిన్న సున్నలు చుట్టుచు క్రిందినుండి పైకి పోవలెను. బొటనవ్రేళ్లు నొచ్చిన పిడికిలి కణుపులతో చేయవచ్చును. ప్రక్కకొక ఐదునిమిషములు చాలును. హెచ్చుసేపు రుద్దిన హెచ్చుఫలము రాదు, మఱునాడు కమిలిన నొప్పి వచ్చును. తుదకు కల్లుప్పును పెనముమీద వేడిచేసి గుడ్డలో మూటగట్టి, నడుముపై నింకొక గుడ్డ పఱచి పదినిమిషములు కాపడము పెట్టుకొనవలెను. మూటమీద నిద్రపోరాదు. మధుమేహముచేత చర్మపు స్పర్శ తగ్గినవారు కాపడము జోలికే పోరాదు, కాలినను తెలియదు.

అయిన పిమ్మట వెల్లకిల పరుండి, మోకాళ్లు మడచి ఒక్కొక్కదానిని పొట్టవైపునకు చేతులతో తెచ్చుకొని, లేచి వాకిటిలో నాలుగుమార్లు నడువవలెను. ఆ నడక మానినచో చేసినదంతయు సగమే.

గర్భవతులు వైద్యుల నడుగక చేయరాదు. ఎముకలు గుల్లబాఱిన వృద్ధులు, రక్తము పలుచనగుటకు మందు తినువారును అట్లే. వీపును కాళ్లతో త్రొక్కించుకొనుట యెవరికిని తగదు.

చరకాచార్యుడు అభ్యంగనమును గూర్చి చెప్పుచు బండియిరుసునకు కందెన వేయుటతో పోల్చెను. పోలిక చక్కనిదే. కాని కందెన వేసినంతమాత్రమున బండిమీది బరువు దిగదు గదా! ప్రపంచారోగ్యసంస్థవారు 2023 డిసెంబరులో ప్రకటించిన సూచనలలో దీర్ఘకాలపు నడుమునొప్పికి వ్యాయామమును, రోగికి తన నొప్పిని గూర్చి బోధించుటను ముందుంచిరి. మర్దనము కొందఱికి మేలు చేయవచ్చునని యొప్పుకొనిరి గాని దానికి గల నిదర్శనము గట్టిది కాదనిరి. నడుముపట్టీలను మాత్రము వలదనిరి. 2020లో ప్రపంచమున 61 కోట్ల 90 లక్షలమందికి ఈ నొప్పి యుండెనట. అందులో పురుషులకంటె స్త్రీలే హెచ్చు. మా వాకిటి లెక్కకు ఆ లెక్క సరిపోయినది.

మఱునాడు కథలాపూరు, రుద్రంగి మీదుగా వేములవాడకు పోయితిమి. త్రోవపొడవున గుట్టలు, తాళ్లు, తంగేడుపూల పసిమి. వేములవాడలో తక్కినచోట్లవలె తొమ్మిదవనాడు గాక ఏడవనాడే సద్దుల బతుకమ్మ. మేము పోవునప్పటికి ఊరంతయు పువ్వులే. గునుగు, తంగేడు, బంతి వరుసలుగా పేర్చిన బతుకమ్మలను తలలమీద నెత్తుకొని స్త్రీలు బారులు తీఱి పోవుచుండిరి. రాజరాజేశ్వరుని దర్శించి, కోడెను కట్టు భక్తుల నడుమనుండి యెట్లో వెలుపలికి వచ్చితిమి. పదియవ శతాబ్దమున రెండవ అరికేసరి కొలువులో పంపకవి కన్నడమున భారతకథ చెప్పినది ఈ వేములవాడ చాళుక్యుల యేలుబడిలోనే యని మావారు చెప్పుచుండగా, నా కన్నులు మాత్రము వంగి చప్పట్లు చఱచుచు వలయముగా తిరుగు స్త్రీల నడుములమీదనే యుండెను. ఏడాదంతయు కూర్చున్న నడుములు ఆ తొమ్మిదిదినములు లేచి యాడును. పండుగను పెట్టిన పూర్వులకు వైద్యము తెలిసియుండునా యని తోచినది.

అచ్చటినుండి సిరిసిల్ల పది పండ్రెండు కిలోమీటర్లు. మానేరుదాపున నున్న ఆ ఊరిని కంటితో చూచుటకు ముందే చెవితో తెలిసికొనవచ్చును. సాంచాలు, అనగా మరమగ్గములు, వీధివీధిని ఒకేరీతిని మ్రోయుచుండును. చేతిమగ్గముల ఊరే క్రమముగా సాంచాల ఊరైనది. అప్పులపాలైన నేతన్నలు ప్రాణములు తీసికొన్న దుర్దినములను గూడ ఆ ఊరు చూచినది. 2017 మొదలు కొన్నేండ్లు ప్రభుత్వము పంచిన బతుకమ్మచీరెల నేత ఇచ్చటి సాంచాలకు పని కల్పించినది. ఆసాములు, కార్మికులు, వైపనివారు అని పనిలో తరగతులు గలవు. స్త్రీలకు ఎక్కువగా దక్కునది కండెలు చుట్టుట. అదియును కూర్చుండి చేయు పనియే.

మావారి అప్పగారు, అనగా నా పెద్దవదినె, అచ్చటనే యుండును. కండెలు చుట్టి ఇద్దఱు బిడ్డలను చదివించినది. మేము పోవునప్పటికి గోడవైపు తిరిగి పరుండియుండెను. నన్ను చూచి లేవబోయి లేవలేక, "మరదలా, మంచిగొచ్చినవు. నీ చెయ్యి మంచిదంట గదా, చిన్నమ్మ ఫోనుల చెప్పింది. జర నా నడుము రుద్ది పో. మూడువారాలాయె, ఎడమకాలు దాంక గుంజుతున్నది" అనెను.

నాకు గర్వము కలిగినదని యొప్పుకొనవలెను. గిన్నె తెచ్చి నూనె వెచ్చచేసితిని. కాలిలోనికి దిగు ఈ నొప్పిని మన వైద్యగ్రంథములు గృధ్రసి యనినవి. గ్రద్దవలె నడిపించునది యని పెద్దలు చెప్పుదురు. గృధ్రసియందు నూనె మంచిదేయని నాకు నేను చెప్పుకొనుచు కొంగు బిగించితిని. మంచముప్రక్కన కూర్చుండగా పాలలెక్కల పుస్తకపు వెనుకపుట జ్ఞాపకమునకు వచ్చెను. రుద్దుటకు ముందు అడుగవలసినవి యని యుండెను. అడుగుటకు నాకే సిగ్గైనది. మావారిని, బావగారిని బయటికి పొండని చెప్పి తలుపు వేసితిని.

"వదినె, జరమొచ్చిందా?" రాలేదు. "ఏడన్న పడ్డవా?" పడలేదు. "కాలు బలం తప్పిందా?" చెప్పు జాఱిపోవుచున్నది, తెలియుట లేదనెను. "కూసున్న కాడ, తొడల నడుమ, తిమ్మిరి గిట్ల ఉన్నదా?"

ఆమె చాలసేపు మాటాడలేదు. తరువాత దుప్పటి ముఖముమీదికి లాగుకొని చెప్పెను. నిన్నటినుండి అచ్చట చేయి పెట్టినను తనది కానట్లున్నదట. ప్రొద్దుటినుండి మూత్రము వచ్చినది రానిది తెలియుట లేదట. రెండుసార్లు చీర తడిసినది. "గివన్ని మొగోళ్లకు ఎట్ల చెప్పాలె? పండుగ పోయినంక చూద్దమనుకున్న" అని యేడ్చెను.

నేను నూనెగిన్నెను అట్లే నేలపై బెట్టి తలుపు తీసితిని. మావారికి ఏమి చెప్పితినో సరిగా జ్ఞాపకము లేదు. వెనుకపుట విప్పి చేతికిచ్చితిని. అందు నా చేతివ్రాతలోనే యున్నది: ఆసనభాగమున స్పర్శ తప్పుట, మలమూత్రములపై పట్టు తప్పుట, కాలు బలహీనమగుట, గంటలు లెక్కపెట్టి పోవలెను. బావగారు రేపు ప్రొద్దుట పోవుదమనిరి. మావారు జీవితములో మొదటిసారి తన బావగారిమీద గొంతెత్తిరి. అర్ధగంటలో కారు వచ్చినది. కరీంనగరమునకు పోవు ఆ త్రోవ పొడవున వదినె నా చేయి విడువలేదు.

రాత్రికి రాత్రియే చిత్రము తీసి చూచిరి. వెన్నుపాము ముగిసిన తరువాత నరములు గుఱ్ఱపుతోకవలె గుత్తిగా విడివడి క్రిందికి దిగునట. రెండు పూసల నడిమి మెత్త పగిలి యుబికి ఆ గుత్తినే యదుముచున్నది. మఱునాడు మధ్యాహ్నము శస్త్రచికిత్స చేసిరి. వైద్యురాలు మాకు చెప్పినది మాత్రము వ్రాయుదును: ఇంకను రెండుమూడు దినములాగినచో మూత్రముమీది పట్టు జన్మలో తిరిగి వచ్చెడిది కాదేమో; వచ్చినంత వచ్చును, అంతయు వచ్చునని మాట యీయలేమనెను. నేను రుద్దియున్న నేమగుననియు నడిగితిని. రుద్దుటవలన మెత్త లోపలికి పోదు. మీరు రుద్ది నిద్రపుచ్చియున్న ఒక రాత్రి పోయెడిది, ఆ రాత్రియే ముఖ్యము అనెను.

సద్దుల బతుకమ్మనాడు ఆసుపత్రి కిటికీనుండి క్రింది వాకిట నర్సమ్మలు పేర్చిన చిన్న బతుకమ్మ కనబడినది. వదినెను ఒకప్రక్కకు త్రిప్పి చూపితిని. నెలకు కఱ్ఱసాయముతో, దీపావళి గడచిన తరువాత కఱ్ఱ లేకయే నడచినది. మూత్రబాధ తీఱినది. ఎడమపాదపు వెలుపలి యంచున తిమ్మిరి యింకను గలదు. కండెలయొద్దకు ఇంకను పోవుట లేదు. ఆ కూలి పోయినందుకు ఇంటిలో లెక్క తప్పినది. పెద్దకుమారుడు హైదరాబాదునుండి పంపుచున్నాడు. వదినెకు అది కష్టముగా నున్నది. కూర్చుండుటకు పీట యెత్తు పెంచి, గంటకొకమాఱు లేచునట్లు పని మొదలుపెట్టుదునని చెప్పుచున్నది. వైద్యురాలు కొంతకాలమాగుమనెను.

నా నడుము మాత్రము నాతోనే యున్నది. నెలకు రెండుమూడుసార్లు అలుగును. రాత్రి పిల్లలు పరుండిన పిదప గోడయొద్ద బంతితో నిలుచుందును. నా బంతులలో నొకదానిని కోరుట్లలో అవ్వయొద్ద విడిచివచ్చితిని. దానిని మునిమనుమడు ఆటకు తీసికొనిపోయినాడని, మరల నొకటి పంపుమని ఫోనుచేసినది. పంపితిని.

ఇంటికి తిరిగివచ్చిన మఱునాడే నీళ్లకుండను వంటయింటినుండి తీసి, వసారా తుదన పెట్టించితిని. ఉత్తరపుస్తకములు దిద్దుకొనుచు కూర్చుండు మావారికి ఇది నచ్చలేదు. చెంబు అందుటలేదని మూడుదినములు సణిగిరి. నాలుగవనాడు లేచి నడచిపోయి ముంచుకొని త్రాగి, నాకును ఒక గ్లాసు తెచ్చియిచ్చిరి.